వేలు జారితే ఓటమేనా? ఆన్‌లైన్ బోర్డు ఆటల్లో చేయి తప్పులను ఆపే డిజైన్

క్లుప్తంగా: ఆన్‌లైన్‌లో చెస్, గో, స్క్రాబుల్, లూడో లాంటివి ఆడేటప్పుడు తప్పులు రెండు దారుల్లో వస్తాయి. ఆలోచన తప్పొచ్చు, లేదా ఆలోచన బాగానే ఉన్నా చేయి తప్పొచ్చు. మొదటిది ఆటలో భాగం, అందులో యాప్ వేలు పెట్టకూడదు. రెండోదాన్ని మాత్రం ఆపాల్సింది యాపే. గడి సైజు, కన్ఫర్మ్ బటన్, అన్‌డూ, బటన్లు ఉండే చోటు, ముందే పెట్టి ఉంచే సెట్టింగులు అందుకు ఉన్న పనిముట్లు. ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది, ఎక్కువసార్లు టైమ్ రూపంలో.

## చేయి తప్పు వేరు, ఆలోచన తప్పు వేరు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. వేలు జారితే సంగతేంటన్నది ఆ సామెత పుట్టిన రోజుల్లో ఎవరికీ రాని ప్రశ్న. ఇప్పుడు చెస్ ఆడేవాళ్ల దగ్గర దీనికి మౌస్ స్లిప్ అని పేరు కూడా ఉంది. మంత్రిని ఒక గడికి తీసుకెళ్దామని లాగుతారు, సరిగ్గా ఒక గడి ముందు మౌస్ బటన్ మీద పట్టు సడలుతుంది, మంత్రి అక్కడే దిగిపోతుంది, ఎదుటి బంటు దాన్ని తినేస్తుంది. ఇరవై నిమిషాలు కష్టపడి కట్టుకున్న ఆట అర సెకనులో కూలిపోతుంది.

మనుషులు చేసే పొరపాట్ల మీద పనిచేసిన డొనాల్డ్ నార్మన్, జేమ్స్ రీజన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980ల నుంచే ఈ రెండింటినీ విడదీసి చూశారు. చేద్దామనుకున్నదే తప్పయితే అదొక జాతి, అనుకున్నది సరైనదే అయినా చేసింది ఇంకోటయితే అది మరో జాతి. బోర్డు ఆటల్లో వీటిని గుర్తుపట్టడం ఆడేవాళ్లకి చాలా తేలిక: వేలు లేచిన క్షణంలోనే "అయ్యో, ఇది కాదు" అనిపిస్తే చేయి తప్పు, ఎదుటివాళ్లు జవాబు ఎత్తు వేశాక "అరె, ఇది చూడలేదే" అనిపిస్తే ఆలోచన తప్పు.

యాప్‌కి మాత్రం ఈ తేడా కనపడదు. దానికి అందేది ఫలానా పావు ఫలానా గడికి వచ్చిందన్న సమాచారం, అంతే. తేడా తెలియని ప్రోగ్రాము ఒక రకం తప్పుని ఆపుతూ రెండో రకాన్ని వదిలేయాలి. ఇంటర్‌ఫేస్ డిజైన్‌లో తలనొప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

## చెక్క బోర్డు మీద ఏం జరిగేది

ఎదురెదురుగా కూర్చుని ఆడే చెస్‌లో నియమం గట్టిదే. ముట్టుకున్న పావునే కదపాలి. సర్దడానికి ముట్టుకుంటుంటే ముందే ఆ మాట చెప్పాలి, దానికి ఫ్రెంచి నుంచి వచ్చిన "జాడూబ్" అనే మాట ఉంది. కానీ ఆ కఠినమైన నియమంలోనూ ఒక వెసులుబాటు దాగుంది. ముట్టుకోవడంతో తేలేది ఏ పావు అన్నదే, ఏ గడి అన్నది చేయి వదిలాకే తేలుతుంది. పావు చేతిలో ఉన్నంతసేపూ కన్ను ఇంకోసారి చూసుకోవచ్చు. చొక్కా చేయి తగిలి పక్క పావు పడిపోతే అది ప్రమాదమని ఎదుటివాళ్లకీ, ఆర్బిటర్‌కీ (ఆట నియమాలు చూసే అధికారికి) కళ్లారా కనిపిస్తుంది. తెర మీద ఉద్దేశానికి సాక్ష్యం లేదు. మౌస్ జారిందని ఎంత మొత్తుకున్నా ఎదుటివాళ్లకి కనపడేది ఒక ఎత్తు మాత్రమే.

అయితే చెక్క బోర్డు ఆపలేనివి కూడా ఉన్నాయి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం మామూలు టైమ్ ఆటలో నియమ విరుద్ధమైన ఎత్తు ఒకసారి పూర్తిచేస్తే ఎదుటివాళ్లకి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారికి ఆట పోతుంది. జపాన్ ఆట షోగీలో ఇంకా కఠినం: ఒకే నిలువు వరసలో తనదే రెండో బంటు పెడితే అక్కడికక్కడే ఓటమి. నిఫు అనే ఈ తప్పు వృత్తి ఆటగాళ్లు కూడా చేస్తారు, 2015లో ఎన్‌హెచ్‌కే కప్ అనే టీవీ టోర్నమెంటు సెమీఫైనల్లో ఒక ఆట టీవీ కెమెరాల ముందే ఇలా ముగిసింది. ఆటని ప్రోగ్రాము నడిపే చోట అలాంటి ఎత్తుని అసలు తీసుకోకుండా ఉండటం చాలా తేలిక. అలా చేసిన చోట ఒక జాతి తప్పు మొత్తంగా మాయమైపోతుంది.

అంటే ఆన్‌లైన్ ఒక రక్షణ ఇచ్చి ఇంకోటి పట్టుకుపోయింది. నియమాలు తప్పకుండా చూసే పని ప్రోగ్రాము చేసిపెడుతోంది, చేతి బరువు ఇచ్చే ఆలస్యం మాత్రం పోయింది. నియమాల ఊసే లేని ప్లాట్‌ఫాములూ లేకపోలేదు. టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లో బోర్డు, పావులు, కార్డులు అన్నీ వస్తువుల్లా ఉంటాయి, మామూలుగా ఎలా పెట్టినా ఊరుకుంటుంది, కోపమొస్తే బల్లని తిరగేసే సదుపాయం కూడా ఉంది! అక్కడ పొరపాటు చేసినవాళ్లు పావుని చేత్తో తీసి మళ్లీ పెట్టుకుంటారు, ఎదుటివాళ్లు సరే అంటారు. బోర్డు ఆటల సైట్ బోర్డ్ గేమ్ అరేనా లాంటి చోట నియమాలన్నీ ప్రోగ్రామే నడుపుతుంది కాబట్టి ఆ సరేలు, పర్లేదులు కూడా ప్రోగ్రాములోనే రాసి ఉండాలి. రాయకపోతే లేనట్టే.

## మిల్లీమీటర్ల లెక్క

ఫోన్ తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు అనుకుందాం. చెస్ బోర్డులో వరసకి 8 గడులు, అంటే ఒక్కో గడి 8.75 మిల్లీమీటర్లు. స్క్రాబుల్‌లో వరసకి 15, ఒక్కోటి 4.7 లోపు. గోలో రాళ్లని గీతలు కలిసే కూడళ్ల మీద పెడతారు, పెద్ద బోర్డులో గీతలు ఒక్కోవైపు 19, కూడళ్లు 361, ఒక కూడలికీ పక్కదానికీ మధ్య దూరం సుమారు 3.7 మిల్లీమీటర్లు.

ఇప్పుడు వేలి సంగతి. తాకే బటన్ ఎంత ఉండాలన్నదానికి ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ (రెండూ తెర మీది సైజుల్ని కొలిచే యూనిట్లు) అని సూచనలు ఇచ్చాయి, తెర మీద కొలిస్తే రెండూ సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య పడతాయి. చెస్ గడి సరిగ్గా అంచు మీద నిలబడింది, గో బోర్డు సుమారు సగం దగ్గరే ఆగిపోయింది. ఫోన్‌లో గో ఆడుతూ రాయి పక్క కూడలి మీద పడితే దాన్ని ఆడేవాళ్ల అజాగ్రత్త అనడం అన్యాయం, అక్కడ కొలతే కుదరలేదు.

పైగా వేలు తాకేచోటు మనం అనుకున్నచోటు ఒకటి కాదు. గోరు చివర ఎక్కడుందో చూసి గురిపెడతాం, తెరకి తగిలేది దానికి కొంచెం కిందున్న మెత్తటి భాగం. ఆ తాకిన చోటుని కూడా వేలే కప్పేస్తుంది. అందుకే పనికొచ్చే పరిష్కారాలన్నీ వేలినీ గురినీ విడదీస్తాయి: వేలు పెట్టిన చోటు పైన చిన్న భూతద్దంలా పెద్దదిగా చూపించడం, అడ్డం నిలువు గీతలు రెండూ కలిసే చోట రాయి నీడలా కనపడటం, వేలు జరిపితే ఆ నీడ కూడా జరగడం. బోర్డుని జూమ్ చేయడం కూడా పరిష్కారమే అయినా గో లాంటి ఆటలో మూల నుంచి మూలకి చూపు ఉండాలి, జూమ్ చేసిన ప్రతిసారీ ఆ చూపు పోతుంది.

వేగం కలిస్తే ఇదంతా ఇంకా ముదురుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే చూపించిన సంగతి ఇది: గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే అక్కడికి చేరడానికి అంత టైమ్ పడుతుంది. ఆ టైమ్ ఇవ్వకుండా తొందరపడితే చేయి గురి చుట్టూ చెదురుతుంది. గడియారంలో పది సెకన్లు మిగిలినప్పుడు మౌస్ స్లిప్పులు పెరగడానికి టెన్షన్ ఒక్కటే కారణం కాదన్నమాట.

## లాగడమా, రెండు నొక్కులా

పావుని కదపడానికి రెండు పద్ధతులు ఉన్నాయి: పట్టుకుని లాగడం, లేదా పావు మీద ఒకసారి, చేరాల్సిన గడి మీద ఇంకోసారి నొక్కడం. రెండింటిలోనూ తప్పులు జరుగుతాయి, కానీ వేర్వేరు తప్పులు.

లాగేటప్పుడు ప్రమాదం మధ్యలో వదిలేయడం. ఇక్కడ పావుల మధ్య ఒక తమాషా తేడా ఉంది. గుర్రాన్ని దారిలో వదిలేస్తే అది పడే గడి దానికి చెల్లనిది, కాబట్టి వెనక్కి వచ్చేస్తుంది, నష్టం లేదు. మంత్రి, ఏనుగు, శకటు అలా కాదు, అవి వెళ్లే దారిలో ప్రతి గడీ వాటికి చెల్లుతుంది. నియమాలు చూసే ప్రోగ్రాము గుర్రాన్ని కాపాడినట్టు మంత్రిని కాపాడలేదు. ఎక్కువ విలువైన పావుకే ఎక్కువ ప్రమాదం.

ఫోన్‌లో ఇంకో చిక్కు. ఆండ్రాయిడ్ 10తో, అంటే 2019 నుంచి, తెర అంచు నుంచి లోపలికి వేలు జరిపితే వెనక్కి వెళ్లే పద్ధతి వచ్చింది. బోర్డు తెర అంచుదాకా పరిచి ఉంటే చివరి వరసలోని ఏనుగుని లోపలికి లాగడం, యాప్ నుంచి బయటికి పోవడం రెండూ ఒకే కదలిక. అంచులో కొంత భాగాన్ని ఈ జెస్చర్ నుంచి తప్పించమని యాప్ అడగగలదు గానీ దానికీ పరిమితి ఉంది. బోర్డుకి రెండు వైపులా వేలెడు ఖాళీ వదలడం చూడ్డానికి అందంగా ఉండకపోవచ్చు, పని మాత్రం చేస్తుంది.

రెండు నొక్కుల పద్ధతిలో తప్పు ఇంకోలా వస్తుంది. ఒక పావుని నొక్కి ఎంచుకుంటారు, తర్వాత ఆలోచనలో పడి మూడు నిమిషాలు గడుస్తాయి, పావు ఎంచుకుని ఉందన్న సంగతే మర్చిపోతారు, ఇంకేదో చూపిస్తున్నట్టు ఒక ఖాళీ గడి మీద వేలు పెడతారు. ఎత్తు పడిపోతుంది. తెర ఒక స్థితిలో, మనిషి ఇంకో స్థితిలో ఉండటం వల్ల వచ్చే తప్పు ఇది. ఎంచుకున్న పావు గడి రంగు గట్టిగా మారాలి, అది వెళ్లగల గడుల్లో చుక్కలు కనపడాలి, మళ్లీ నొక్కితే ఎంపిక పోవాలి. రంగు మార్పు ఒక్కదాని మీదే ఆధారపడితే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకి అది లేనట్టే కాబట్టి చుక్కో గీతో తోడుండాలి. ఆన్‌లైన్ చెస్ సైట్ లీచెస్‌లో లాగడం, నొక్కడం, రెండూ అని మూడు ఎంపికలు ఉన్నాయి. ఏ తప్పు ఎక్కువ చేస్తారో ఆడేవాళ్లకే తెలుసు కాబట్టి ఇది సరైన పద్ధతే.

## "ఖాయమేనా?" అని అడిగితే

అందరికీ మొదట తట్టే పరిష్కారం కన్ఫర్మ్ బటన్. ఎత్తు వేశాక ఒకసారి అడిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. రెండు చోట్ల ఇది తేలిపోతుంది.

ఒకటి టైమ్. ఒక్కో కన్ఫర్మ్‌కి అర సెకను పడుతుందనుకుంటే 40 ఎత్తుల ఆటలో 20 సెకన్లు. ఒక్కొక్కరికి నిమిషం ఉండే బుల్లెట్ ఆటలో అది మూడో వంతు, 15 నిమిషాల ఆటలో నూటికి 2 వంతులు, రోజుకో ఎత్తు వేసే కరెస్పాండెన్స్ ఆటలో లెక్కలోకే రాదు. అందుకే లీచెస్‌లో కన్ఫర్మ్ ఏ వేగం ఆటకి కావాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ గో సర్వర్ ఓజీఎస్ కూడా లైవ్ ఆటకీ కరెస్పాండెన్స్ ఆటకీ వేర్వేరుగా, ఒక్క నొక్కు చాలా, రెండు కావాలా, విడిగా సబ్మిట్ బటన్ కావాలా అని ఎంచుకోనిస్తుంది.

రెండోది అలవాటు, ఇది ఇంకా లోతైన సమస్య. వంద ఎత్తుల్లో తొంభై తొమ్మిదిసార్లు ఓకే నొక్కాల్సి వస్తే నూరోసారి కూడా వేలు తనంతట తానే నొక్కేస్తుంది. ప్రశ్న కంటికి కనపడుతుంది గానీ బుర్రకి చేరదు. దీన్నుంచి తప్పించుకోవాలంటే కన్ఫర్మ్ అన్నది ప్రశ్నలా ఉండకూడదు. "మీకు ఖాయమేనా?" అని పెట్టె ఒకటి బోర్డుకి అడ్డంగా తెచ్చి పెడితే చూడాల్సిన బోర్డే కనపడదు, ఇంతకంటే పనికిరాని డిజైన్ ఇంకోటి ఉండదు. పావు కొత్త గడిలో కూర్చున్నట్టు చూపించాలి, బయల్దేరిన గడికి, చేరిన గడికి గుర్తు ఉండాలి, బటన్ మాత్రం బోర్డు బయట ఉండాలి. వేలు అక్కడిదాకా వెళ్లే కొద్దిపాటి టైమ్‌లో కన్ను బోర్డు మీద తిరుగుతుంది. చెక్క బోర్డు మీద పావు ఇంకా చేతిలో ఉన్న ఆ క్షణమే ఇది, తెర మీదకి వచ్చింది. బటన్ సరిగ్గా వేలు ఉన్నచోటే వస్తే అది రెండు నొక్కుల అలవాటుగా మారిపోతుంది, అంతటితో దాని పని ముగిసినట్టే.

ఓటమి ఒప్పుకునే బటన్ సంగతి వేరు. అది ఆటకి ఒక్కసారే వాడేది కాబట్టి అలవాటు పడే ప్రమాదం లేదు, నిరభ్యంతరంగా రెండోసారి అడగొచ్చు. డ్రా అడిగే బటన్, ఓటమి బటన్ పక్కపక్కనే ఉండే యాప్‌లలో అయితే తప్పకుండా అడగాలి.

## వెనక్కి తీసుకోనివ్వడం

జీమెయిల్ పంపిన ఉత్తరాన్ని కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఈలోపు ఆపుకోవడానికి వీలిస్తుంది. ముందు అడగడం కంటే తర్వాత వెనక్కి తీసుకోనివ్వడం మెరుగన్న ఆలోచన అది, సాధారణ సాఫ్ట్‌వేర్‌లో బాగా పనిచేసింది. బోర్డు ఆటలో దానికి ఒక అడ్డు ఉంది: ఎదుట ఇంకో మనిషి ఉన్నారు, వాళ్లు చూసేశారు.

ఇక్కడ అన్నిటికంటే శుభ్రమైన జవాబు పాచికలతో ఆడే బోర్డు ఆట బ్యాక్‌గామన్‌ది, అది కంప్యూటర్ల కంటే ఎంతో పాతది. సంప్రదాయంగా ఆ ఆటలో పావులు ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపి చూసుకున్నా, పాచికలు చేతిలోకి తీసుకున్నప్పుడే వంతు ముగుస్తుంది. ఆన్‌లైన్‌లో పాచికల స్థానంలో "అయిపోయింది" బటన్ వచ్చింది, దాన్ని నొక్కేదాకా అన్‌డూ ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. పాచికలు ముందే పడ్డాయి కాబట్టి వెనక్కి తీసుకుంటే కొత్త సమాచారమేమీ లాభం రాదు.

బోర్డ్ గేమ్ అరేనాలో చాలా ఆటలు ఇదే తర్కం మీద నడుస్తాయి. ఒక వంతులో నాలుగైదు పనులు ఉంటే మొత్తం వంతుని మొదట్నుంచీ మళ్లీ ఆడుకోవచ్చు, కానీ కట్టలోంచి కార్డు తీశాక, పాచిక వేశాక అన్‌డూ అక్కడివరకే. తీసిన కార్డుని చూసి వెనక్కి వెళ్లడం పొరపాటు దిద్దుకోవడం కిందికి రాదు, దానికి వేరే పేరుంది. ఆ గీత దాటే ముందు, అంటే కార్డు తీయబోయే ముందు, ఇక వెనక్కి రాలేరని తెర గుర్తుచేస్తే మంచిది. కన్ఫర్మ్ అడగడానికి నిజంగా తగిన చోటు అదే, ప్రతి అడుగులోనూ అడగనక్కర్లేదు.

చెస్‌లో దాచిన కార్డులు లేవు, కానీ ఎత్తు వేసిన మరుక్షణం అది ఎదుటి తెర మీద ఉంటుంది. అందుకే అక్కడ అన్‌డూ ఎదుటివాళ్ల అనుమతితోనే. లీచెస్‌లో ఈ అభ్యర్థనలని ఎప్పుడూ వద్దనొచ్చు, రేటింగ్ లేని ఆటల్లో మాత్రమే సరే అనొచ్చు, లేదా ఎప్పుడూ అనుమతించొచ్చు. ఎదుటివాళ్లు మంచివాళ్లయితే ఒప్పుకుంటారు, టోర్నమెంటులో ఒప్పుకోమని ఎవరూ ఆశించరు.

## వేలి కిందే మారిపోయే తెర

కంటికి కనపడినదానికి చేయి స్పందించడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. దీన్నుంచి ఒక ఉపయోగపడే సంగతి తేలుతుంది: తెర మీద ఏదైనా మారిన 150 మిల్లీసెకన్లలోపు వచ్చిన తాకిడి ఆ మార్పు చూసి చేసింది అయ్యే అవకాశం లేనట్టే, అంతకుముందున్న తెర కోసం బయల్దేరిన వేలు అది. ఎదుటివాళ్లు డ్రా అడిగినప్పుడు ఆ ప్రశ్న సరిగ్గా వేలు దిగుతున్నచోట ప్రత్యక్షమైతే ఒప్పుకున్నట్టు అయిపోతుంది. కొత్తగా వచ్చిన బటన్ కాసేపు తాకిడిని పట్టించుకోకుండా ఉంటే చాలు, లేదా ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట వస్తే చాలు. చిన్న మార్పే, చాలా యాప్‌లలో ఇంకా కనపడదు.

ప్రీమూవ్ దీనికి ఇంకో ముఖం. ఎదుటివాళ్లు ఆడకముందే మన జవాబు ఎత్తు పెట్టి ఉంచడం అది. వాళ్లు మనం ఊహించింది కాకుండా ఇంకోటి ఆడితే పెట్టిన ఎత్తు గుడ్డిగా పడిపోతుంది. అయితే ఒక రకం ప్రీమూవ్ తనని తానే కాపాడుకుంటుంది. మన పావుని వాళ్లు తింటే తిరిగి తినాలని పెట్టుకుంటాం, వాళ్లు తినలేదనుకోండి, ఆ గడిలో ఇంకా మన పావే ఉంది, మన పావుని మనం తినలేం, ప్రీమూవ్ దానంతటదే రద్దవుతుంది. ఖాళీ గడికి పెట్టిన ప్రీమూవ్‌కి ఇలాంటి కాపలా లేదు, కాబట్టి దాని గుర్తు తెర మీద మామూలు ఎత్తు గుర్తు కంటే వేరే రంగులో ఉండాలి, ఒక్క నొక్కుతో రద్దయ్యేలా ఉండాలి.

## ముందే పెట్టి ఉంచినవి

బంటు చివరి గడికి చేరినప్పుడు ఏ పావుగా మారాలో అడగాలి. దాదాపు ప్రతిసారీ జవాబు మంత్రే. లీచెస్‌లో ఎంపికల వరస సరిగ్గా ఆ చివరి గడి మీదే తెరుచుకుంటుంది, మొదట మంత్రి, తర్వాత గుర్రం, ఏనుగు, శకటు. వేలు ఉన్నచోటే ఇంకోసారి నొక్కితే మంత్రి. తొందరలో పొరపాటున రెండుసార్లు నొక్కినా వచ్చేది కావాల్సిందే. కన్ఫర్మ్ బటన్ వేలి కిందే ఉండటం తప్పని పైన చెప్పుకున్నాం, ఇక్కడ అదే పని మంచిదైంది, ఎందుకంటే జారిన వేలు పడేచోట అత్యంత సురక్షితమైన ఎంపిక ఉంది. అసలు అడగకుండా మంత్రినే చేసే సెట్టింగు కూడా ఉంది, మంత్రి వస్తే ఎదుటి రాజుకి కదలిక లేక ఆట డ్రా అయ్యే అరుదైన స్థితిలో అది ముంచుతుంది.

ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు, అడగకపోతే ఆట సాగుతుంది. అడగడం మర్చిపోవడం అచ్చంగా పరధ్యానమే కాబట్టి లీచెస్ దీన్ని ఎప్పుడూ ఆటోమేటిగ్గా అడగమనడానికి, 30 సెకన్ల కంటే తక్కువ మిగిలితేనే అడగమనడానికి, అసలు వద్దనడానికి వీలిస్తుంది. లూడోలో కదలగలిగే కాయ ఒకటే ఉంటే యాపే కదిపేయడం కూడా ఈ కోవలోదే, ఎంచుకోవడానికేమీ లేనప్పుడు అడగడం దండగ.

## సాయం ఎక్కడ ఆగాలి

వెళ్లగల గడుల్లో చుక్కలు చూపించడాన్ని ఎవరూ తప్పుపట్టరు. మంత్రి ప్రమాదంలో ఉందని హెచ్చరిస్తే మాత్రం అది ఆటలో తలదూర్చడమే. ఈ రెండింటి మధ్య ఉన్న చోటే అసలు తగాదా.

స్క్రాబుల్‌నే తీసుకుంటే, బల్ల మీద ఆడేటప్పుడు లేని మాట పెట్టి ఎదుటివాళ్లు సవాలు చేస్తారో లేదో చూడటం ఆటలో ఒక ఎత్తుగడ. యాప్ చెల్లని మాటని తీసుకోనంటే టైపు తప్పులు ఆగుతాయి, దాంతోపాటే ఆ బుకాయింపు కూడా ఆట నుంచి మాయమవుతుంది. గోలో ఆట ముగిశాక ఏ రాళ్లు చచ్చినట్టో గుర్తుపెట్టే దశ ఉంటుంది, ప్రోగ్రాము తన అంచనా వేసి చూపిస్తుంది, అది తప్పుగా ఉన్నా చూడకుండా ఒప్పుకుంటే గెలిచిన ఆట పోవచ్చు. ఇక్కడ సాయం చేయబోయిన అంచనాయే అజాగ్రత్తకి కారణమైంది. మారిన రాళ్లని మెరిపించి చూపించడం, కొద్ది సెకన్లు ఒప్పుకునే బటన్‌ని నిద్రపుచ్చడం కొంత పనిచేస్తాయి.

వంతుకి రెండు పనులు చేసుకునే ఆటల్లో ఒకటే చేసి "వంతు ముగించు" నొక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇంకో పని మిగిలిందని తెర చెప్పాలా? మర్చిపోవడం చేయి తప్పుకీ ఆలోచన తప్పుకీ సరిగ్గా నడుమ పడుతుంది, బల్ల మీద అయితే పక్కన కూర్చున్నవాళ్లు "నీకింకోటుంది" అని గుర్తుచేస్తారు. హార్త్‌స్టోన్ అనే కార్డుల ఆట దీనికి పెట్టెలూ ప్రశ్నలూ లేకుండా దారి చూసుకుంది, చేయగలిగిందేమీ మిగలనప్పుడు వంతు ముగించే బటన్ ఆకుపచ్చగా మారుతుంది. మారలేదంటే ఏదో మిగిలిందని. ఆ మిగిలింది ఏమిటో, చేయడం మంచిదో కాదో బటన్ చెప్పదు.